పరుగు కోసం కొన్న జీపీఎస్ వాచీ: పద్నాలుగు నెలల వాడకం, ఒక కార్తీక వారం

పద్నాలుగు నెలల కిందట బందరు రోడ్డులోని ఒక దుకాణంలో, పద్దెనిమిది వేల రూపాయలకు కాస్త తక్కువ ధరకు, జీపీఎస్ ఉన్న పరుగు వాచీ ఒకటి కొన్నాను. నా వయసు నలభై రెండు. పోటీల్లో పతకం తెచ్చుకోవాలన్న కోరిక నాకు లేదు. ఉద్యోగం, ఇల్లు, పదో తరగతి చదివే అమ్మాయి, వీటన్నిటి మధ్య వారానికి ఐదు రోజులు తెల్లవారుజామున విజయవాడ వీధుల్లో పరుగెత్తుతాను. మంగళవారం ఆరు కిలోమీటర్లు, బుధవారం మైదానంలో వేగంగా ఎనిమిది, గురువారం మళ్లీ ఆరు, శనివారం ఐదు, ఆదివారం పద్నాలుగు, కలిపి ముప్పై తొమ్మిది కిలోమీటర్లు నా మామూలు వారం. ఇంత మాత్రం పరుగెత్తేవారికి అంత ఖర్చు పెట్టి వాచీ కొనడం అవసరమా అని చాలామంది అడుగుతున్నారు కనుక, మొన్నటి కార్తీక మాసంలో ఒక వారమంతా దాన్ని కావాలనే పరీక్షించి ఈ సమీక్ష రాస్తున్నాను. నేను కొన్న మోడలు ఇప్పుడు దుకాణాల్లో దొరకడం తగ్గిపోయింది. పైగా నేను చెప్పబోయే మంచీ చెడూ ఈ ధరలో దొరికే వాచీల్లో చాలావాటికి వర్తిస్తాయి. అందుకే బ్రాండు పేరు రాయడం లేదు.

ముందుగా దూరం సంగతి. మన ఊళ్లో పరుగెత్తేవారికి ప్రకాశం బ్యారేజీకి మించిన కొలబద్ద లేదని నా నమ్మకం. దాని పొడవు 1,223.5 మీటర్లు, తిన్నగా ఉంటుంది, పైన ఆకాశం తప్ప అడ్డు ఏమీ లేదు. నేను గుర్తుగా పెట్టుకున్న రెండు దీపస్తంభాల మధ్య దూరం సరిగ్గా అంతే అని అనను కాని, ఆ స్తంభాలు ఎక్కడికీ కదలవు కనుక వాచీ ఈ రోజు ఒక మాట, రేపు ఒక మాట చెబుతోందా లేదా అన్నది మాత్రం అక్కడ కచ్చితంగా తేలిపోతుంది. ఆ ఆదివారం విజయవాడ వైపు నుంచి సీతానగరం వైపుకు, మళ్లీ ఇటు, మళ్లీ అటు, మళ్లీ ఇటు నాలుగు సార్లు పరుగెత్తితే వరుసగా 1.22, 1.23, 1.22, 1.24 కిలోమీటర్లు చూపించింది. ఈ పద్నాలుగు నెలల్లో అదే రెండు స్తంభాల మధ్య అతి తక్కువగా 1.20, అతి ఎక్కువగా 1.26 వచ్చాయి. నా అలవాటు వేగం కిలోమీటరుకు ఏడు నిమిషాలు. దూరంలో నూటికి రెండు వంతుల తేడా ఉంటే ఆ లెక్కలో ఎనిమిది సెకన్లు అటూ ఇటూ అవుతుంది. నాలాంటివారికి ఆ ఎనిమిది సెకన్లతో పని లేదు. ప్రతి సెకనుకూ వేగం చూసుకుంటూ పరుగెత్తేవారికి మాత్రం ఆ తేడా చికాకు కలిగిస్తుందని గ్రహించాలి.

కాని బ్యారేజీ మీద బుద్ధిగా నడుచుకున్న ఈ వాచీయే, అక్కడి నుంచి ఇంద్రకీలాద్రి కింది రోడ్డు మీదుగా భవానీపురం వైపు తిరగగానే దారి తప్పుతుంది. ఒక పక్క కొండ, నెత్తిన 2020 అక్టోబరులో ప్రారంభమైన కనకదుర్గ ఫ్లైఓవరు కాంక్రీటు, మిగిలిన ఒక్క పక్క నది. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అక్కడి నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనంగా ఉంటుంది కనుక కొండనూ కాంక్రీటునూ దాటి రాలేదు, వచ్చినది గోడలకు తగిలి ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యాన్ని వాచీ దూరంగా లెక్కిస్తుంది. కార్తీక స్నానాలకు వచ్చిన జనం మధ్య, అరటి దొప్పల్లో దీపాలు పట్టుకుని ఘాట్ల వైపు దిగుతున్న ఆడవాళ్లకు దారి ఇస్తూ నేను దాదాపు నడుస్తున్నంత నెమ్మదిగా పోతున్న సమయంలో, వాచీ కిలోమీటరు నాలుగు నిమిషాల పది సెకన్లలో పూర్తయిందని చూపించింది. ఇంటికి వచ్చి ఫోనులో పటం తెరిస్తే నా దారి గీత నదిలోకి దిగి, కొండ ఎక్కి, మళ్లీ రోడ్డు మీదికి వచ్చింది. ఫ్లైఓవరు కింద పరుగెత్తేవారు ఆ ముక్కను లెక్కలోంచి తీసేయడమే మంచిది.

ఒక కొరత ఇక్కడే చెప్పాలి. నా వాచీ అట్ట పెట్టె మీద జీపీఎస్, గ్లోనాస్, గెలీలియో అని మూడు ఉపగ్రహ వ్యవస్థల పేర్లు ఉన్నాయి. అలాంటిదే అయిన మన దేశపు నావిక్ లేదు. 2023 మే 29న మన శ్రీహరికోట నుంచే ప్రయోగించిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో, చేతికి పెట్టుకునే చిన్న పరికరాలు సులువుగా అందుకోగల ఎల్1 పౌనఃపున్యం కూడా నావిక్‌లోకి వచ్చింది. ఇక ముందు కొనేవారు పెట్టె మీద ఆ పేరు ఉందేమో చూసి కొనాలని నా కోరిక. నా తరువాతి వాచీ విషయంలో నేను మొదట చూసేది అదే.

గుండె వేగం గురించి రాయవలసింది ఎక్కువగా ఉంది, ఎందుకంటే ఈ వాచీ నాకు చేసిన మేలూ, పెట్టిన ఇబ్బందీ రెండూ అక్కడే ఉన్నాయి.

వాచీ అడుగున ఆకుపచ్చ దీపాలు ఉంటాయి. రక్తం ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులోని సన్నని నాళాల్లో రక్తం పెరుగుతుంది, వెనక్కు వచ్చే కాంతి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెట్టి నిమిషానికి ఇన్నిసార్లు అని వాచీ చెబుతుంది. వాచీ చర్మాన్ని అంటిపెట్టుకుని ఉండకపోతే బయటి వెలుతురు లోపలికి జొరబడుతుంది, చేతి ఊపుకు వాచీ కదులుతుంది, అప్పుడు అది గుండెను వదిలేసి అడుగులను లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. నా అడుగులు నిమిషానికి నూట డెబ్బై దాకా పడతాయి. కొన్న మొదటి నెలలో ఒక మంగళవారం, ఏలూరు కాలువ పక్కన మా వీధిలోని అక్కతో కబుర్లు చెప్పుకుంటూ నిదానంగా పరుగెత్తుతుంటే వాచీ నూట డెబ్బై ఒకటి చూపించింది. నేను భయపడి ఆగిపోయాను. అక్క నాకంటే పదేళ్లు పెద్దది, వాచీ లేకుండా ఇరవై ఏళ్లుగా పరుగెత్తుతోంది. "ఆయాసం లేకుండా మాట్లాడుతూనే ఉన్నావు కదమ్మా, నూట డెబ్బై ఎందుకుంటుంది? చెయ్యి ఇటివ్వు" అని నా మెడ మీద వేళ్లు పెట్టి, నా వాచీలోనే సెకన్లు చూసి లెక్కపెట్టింది. నూట ముప్పై ఆరు వచ్చింది.

కారణం వెతకడానికి నాకు మూడు వారాలు పట్టింది. దుకాణంలో చెప్పనిదీ, పెట్టెలోని కాగితంలో రాయనిదీ ఏమిటంటే, మన ఆడవాళ్ల ఎడమ మణికట్టు ఖాళీగా ఉండదు. నాకు రెండు బంగారు గాజులు ఉన్నాయి. వాటి పైన, అమ్మవారి గుడికి వెళ్లిన ప్రతిసారీ కట్టే ఎర్ర దారం ఉంటుంది. గాజులు వాచీని కిందికి నెడుతున్నాయి. చెమటకు తడిసిన దారం వాచీ కిందికి చేరి, ఒక వైపున చిన్న సందు చేస్తోంది. గాజులను పరుగు సమయానికి కుడి చేతికి మార్చి, దారాన్ని వాచీకి పైన, మోచేతి వైపుకు జరిపి, వాచీని మణికట్టు ఎముకకు రెండు వేళ్ల ఎడం పైకి పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి అడుగుల లెక్క గుండె లెక్కలోకి రావడం చాలావరకు ఆగిపోయింది. ఈ ఒక్క విషయం మొదటే ఎవరైనా చెప్పి ఉంటే నేను ఒక నెలంతా అనవసరంగా కంగారుపడి ఉండేదాన్ని కాదు. ఈ సమీక్ష రాయడానికి ముఖ్య కారణం కూడా ఇదే.

పరీక్ష వారంలో బుధవారం నాడు, పరుగెత్తే స్నేహితురాలి దగ్గర ఛాతీకి కట్టుకునే పట్టీ అడిగి తెచ్చుకుని రెండిటినీ పోల్చాను. ఛాతీ పట్టీ కాంతితో పనిచేయదు, గుండె పుట్టించే విద్యుత్ సంకేతాన్నే నేరుగా పట్టుకుంటుంది. నిదానంగా పరుగెత్తిన మొదటి రెండు కిలోమీటర్లలో రెండిటికీ మధ్య తేడా రెండు మూడుకు మించలేదు. మైదానంలో నాలుగు వందల మీటర్ల చొప్పున ఎనిమిది సార్లు వేగంగా పరుగెత్తడం మొదలుపెట్టాక మాత్రం చేతి వాచీ వెనకబడింది: పట్టీ నూట అరవై ఐదు చూపిస్తున్నప్పుడు వాచీ ఇంకా నూట నలభై దగ్గరే ఉంది, ఇరవై సెకన్ల తరువాత గాని అందుకోలేదు. రెండు నిమిషాల పరుగులో ఇరవై సెకన్లంటే చిన్నదేమీ కాదు. వేగపు పరుగుల్లో గుండె లెక్క చూసి పరుగెత్తాలనుకునేవారు పట్టీని విడిగా కొనుక్కోక తప్పదు. ఎనిమిదో పరుగు చివర పట్టీ మీద నూట ఎనభై ఆరు వచ్చింది, ఇప్పటిదాకా నేను చూసిన అతి పెద్ద అంకె అదే.

ఆ అంకె ఎందుకు ముఖ్యమో చెబుతాను. వాచీ మొదటిసారి పెట్టుకున్నప్పుడు వయసు అడిగి, రెండు వందల ఇరవై లోంచి దాన్ని తీసేసి, నా గుండె గరిష్ఠ వేగం నూట డెబ్బై ఎనిమిది అని తనే నిర్ణయించేసింది. ఈ సూత్రం సగటున సరిపోతుంది గాని, ఒక్కొక్క మనిషి విషయంలో పదీ పన్నెండూ అటూ ఇటూ ఉండటం మామూలే. నా విషయంలో ఎనిమిది తక్కువ చెప్పింది. ఆ గరిష్ఠాన్ని బట్టి వాచీ గుండె వేగాన్ని మండలాలుగా విడగొడుతుంది, మండలం అంకె పెరిగేకొద్దీ శ్రమ ఎక్కువని అర్థం. ఆ తక్కువ అంకె మీద వేసిన లెక్కల వల్ల, నేను హాయిగా మాట్లాడుతూ నూట ముప్పై ఎనిమిది దగ్గర పరుగెత్తినా వాచీ మూడో మండలం అని చూపించేది. ఎండ కొంచెం పెరిగి నూట నలభై మూడు అయితే నాలుగో మండలం అని హెచ్చరించేది. సెట్టింగుల్లో వెతికితే, గరిష్ఠ వేగంతో పాటు విశ్రాంతి వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి ఒకటి కనిపించింది. అది ఫిన్లాండు పరిశోధకుడు కార్వోనెన్ 1957లో చెప్పిన పద్ధతి. మన బ్యారేజీ పూర్తయినదీ ఆ ఏడాదే. నా విశ్రాంతి వేగం యాభై ఎనిమిది, గరిష్ఠం నూట ఎనభై ఆరు. ఈ రెండిటి మధ్య నూట ఇరవై ఎనిమిది. అందులో నూటికి అరవై నుంచి డెబ్బై వంతులను విశ్రాంతి వేగానికి కలిపితే నా రెండో మండలం నూట ముప్పై ఐదు నుంచి నూట నలభై ఎనిమిది వరకు వస్తుంది. మా అక్క మాటల్లో ఆయాసం లేకుండా కబుర్లు చెప్పగలిగే పరుగు సరిగ్గా అదే.

ఈ మార్పు తరువాతనే వాచీ నాకు అక్కరకు వచ్చింది. నాలాంటివారందరూ చేసే తప్పు నిదానంగా పరుగెత్తవలసిన రోజున తొందరపడటం; ఎవరైనా పక్క నుంచి దాటి వెళితే కాళ్లు వాటంతట అవే వేగం పెంచుతాయి. నూట నలభై ఎనిమిది దాటగానే మణికట్టు మీద చిన్న అదురు వచ్చేలా పెట్టుకున్నాను. ఆ అదురుకు వేగం తగ్గించడం అలవాటైన మూడు నెలలకు, అంతకు ముందు రెండేళ్లుగా వస్తూ పోతూ ఉన్న పిక్కల నొప్పి మానిపోయింది. వాచీ ధరలో సగం ఆ ఒక్క అదురుకే చెల్లిపోయిందని నేను మనస్ఫూర్తిగా అనగలను.

మైదానంలో మరొక సౌకర్యం, పక్కనున్న మీట. చెమట వేళ్లకు తాకుడు తెర పలకదు. ప్రతి చుట్టుకూ నొక్కడానికి గట్టి మీట ఉన్న వాచీ మాత్రమే కొనమని చెబుతాను. జీపీఎస్ చుట్టుల దూరాన్ని సరిగ్గా చూపదు, మలుపులను కోసేస్తుంది. పైగా ఉదయం నడిచేవారు లోపలి వరుసలో ఉంటారు కనుక నేను బయటి వరుసలో పరుగెత్తవలసి వస్తుంది. ప్రామాణికమైన నాలుగు వందల మీటర్ల ట్రాకు మీద ఎనిమిదో వరుసలో ఒక చుట్టుకు దాదాపు యాభై మూడు మీటర్లు ఎక్కువ పరుగెత్తినట్టు. అందుకే మైదానంలో దూరాన్ని గీతలకు వదిలి, సమయాన్ని మాత్రం మీటకు అప్పగించాను.

గురువారం నాడు ఒక వింత చూశాను. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి ముందు రోజు రాత్రి నుంచి ముసురు పట్టింది. సత్యనారాయణపురంలో మా ఇల్లు మొదటి అంతస్తు. వాచీ మామూలుగా అక్కడ ఎత్తు ఇరవై మీటర్ల చుట్టుపక్కల చూపిస్తుంది. ఆ ఉదయం యాభై తొమ్మిది మీటర్లు అని ఉంది. ఈ వాచీ ఎత్తును గాలి పీడనాన్ని బట్టి లెక్కిస్తుంది. మనం ఎనిమిది మీటర్లు పైకి ఎక్కితే పీడనం సుమారు ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది, అదే పీడనం వాతావరణం మారినందువల్ల తగ్గినా వాచీకి తేడా తెలియదు. అంటే రాత్రికి రాత్రి పీడనం దాదాపు ఐదు హెక్టోపాస్కల్స్ పడిపోయిందన్నమాట. దీన్ని నేను లోపంగా పరిగణించను. కొండ మెట్లు ఎక్కి దిగినప్పుడు ఎక్కిన ఎత్తును ఇది చాలా బాగా పట్టుకుంటుంది, బయలుదేరే చోట ఎత్తును సరిచేసుకుంటే చాలు.

ఇక నేను వాడటం మానేసినవి. రోజూ ఉదయం మీ శరీరం ఇంత సిద్ధంగా ఉంది అని నూటికి ఒక అంకె ఇస్తుంది. కార్తీక సోమవారం నేను ఉపవాసం ఉండి, నక్షత్రాలు చూశాక భోజనం చేశాను. పరుగు లేదు, త్వరగా నిద్రపోయాను. మంగళవారం ఉదయం వాచీ నాకు తొంభై రెండు ఇచ్చి, ఇది గట్టిగా పరుగెత్తవలసిన రోజు అని చెప్పింది. నిజానికి ఆ ఆరు కిలోమీటర్లూ కాళ్లలో సత్తువ లేకుండా గడిచాయి, అదే నిదానపు వేగానికి గుండె మామూలు కంటే ఎనిమిది ఎక్కువ కొట్టుకుంది. మనిషి తిన్నదీ తిననిదీ మణికట్టుకు తెలియదు. నిద్ర లెక్క కూడా అంతే: శుక్రవారం రాత్రి అమ్మాయి పక్కన మంచం మీద పడుకుని సాంఘిక శాస్త్రం అప్పజెప్పించుకున్న గంటన్నరను వాచీ గాఢ నిద్ర కింద రాసుకుంది. ఆక్సిజన్ వినియోగ సామర్థ్యం పేరుతో ఇచ్చే అంకె ఫిబ్రవరిలో ముప్పై ఎనిమిది ఉంటే, మే నెలలో ముప్పై నాలుగుకు పడిపోయింది. నేను బలహీనపడి కాదు. మన ఎండాకాలంలో తెల్లవారుజామున కూడా ఉక్క తగ్గదు, శరీరాన్ని చల్లబరచడానికి గుండె ఎక్కువగా పనిచేస్తుంది, ఈ వాచీ దాన్ని లెక్కలోకి తీసుకోదు. కార్తీకానికి అంకె మళ్లీ ముప్పై ఎనిమిదికి వచ్చింది. కొత్తగా పరుగు మొదలుపెట్టినవారు వేసవిలో ఆ అంకె చూసి నిరుత్సాహపడవద్దని గట్టిగా చెబుతున్నాను.

బ్యాటరీ పద్నాలుగు రోజులు వస్తుందని పెట్టె మీద ఉంది. రోజూ జీపీఎస్ వాడే నాకు ఆరు రోజులు వస్తోంది. ఆదివారం పరుగు అయ్యాక ఛార్జింగు పెడితే శనివారం వరకు లోటు లేదు. తెర పట్టపగటి ఎండలో కూడా స్పష్టంగా కనిపిస్తుంది. వానలో తడిసినా ఏమీ కాలేదు.

మొత్తం మీద నా తీర్పు ఇది. ఇప్పుడిప్పుడే పరుగు మొదలుపెట్టినవారు ఆరు నెలల పాటు ఈ ఖర్చు పెట్టవద్దు; ఆ డబ్బులో మూడో వంతుతో మంచి బూట్లు కొనుక్కోండి, దూరానికి బ్యారేజీ ఉంది. వారానికి నాలుగైదు రోజులు పరుగెత్తుతూ, నిదానపు రోజున నిదానంగా ఉండలేకపోతున్నవారు కొనవచ్చు. వేగపు పరుగులే ప్రధానమైతే ఛాతీ పట్టీకి మరో ఐదారు వేలు పక్కన పెట్టుకుని బయలుదేరండి.

వాచీ పట్టీ గురించి ఒక మాట మిగిలింది. వాచీతో వచ్చిన సిలికాన్ పట్టీ రంధ్రాలు పెద్ద మణికట్టును దృష్టిలో పెట్టుకుని చేసినట్టున్నాయి. ఒక రంధ్రంలో పెడితే వదులు, తరువాతి దానిలో పెడితే చర్మం మీద అచ్చు పడేంత బిగువు. పదో నెలలో అది తెగిపోయింది. కంపెనీ సర్వీసు కేంద్రానికి రాస్తే పట్టీ రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. గవర్నరుపేటలో వాచీలు బాగుచేసే ఒక చిన్న దుకాణానికి తీసుకువెళితే, ఆ పెద్దాయన మామూలు ఇరవై మిల్లీమీటర్ల పట్టీ మూడు వందల యాభై రూపాయలకు వేసి ఇచ్చారు. నేను వదులు, బిగువు సంగతి చెప్పగానే, "ఒక్క నిమిషం కూర్చోండమ్మా" అని చెయ్యి చూసి, రెండు రంధ్రాల మధ్యలో సూదితో ఇంకో రంధ్రం పొడిచారు. దానికి డబ్బు తీసుకోలేదు. ఛాతీ పట్టీతో పోల్చిన ఆ బుధవారం నాడు వాచీ బిగించినది ఆ రంధ్రంలోనే.